భీమే కడుపులో ఏముందంటే

2018 ఆగస్టు. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో అప్పటికి తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా పడకల్లో సగానికి పైగా కాన్పుల కోసమే. వానలు మొదలైతే వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి కాబట్టి, నెలలు నిండిన వాళ్లను ముందే తెచ్చి వార్డులో పెట్టుకునేవాళ్లం. ఒక్కో వానాకాలం ఇద్దరు ముగ్గురు గర్భిణులు కోడిపెట్టలతో సహా వచ్చి, వాటిని మంచాల కింద పెట్టుకునేవాళ్లు. ఇంట్లో వదిలేస్తే వాటిని చూసేవాళ్లు లేరనేవాళ్లు. రక్తం శాతం, మలేరియా, షుగరు వంటి పరీక్షలు మా దగ్గరే అయ్యేవి. అంతకు మించి ఏది కావాలన్నా ఖమ్మమో, ఇంకా పైకో పంపాల్సిందే.

మాది వైరా. నర్సింగ్ చదివింది ఖమ్మంలో. అడవికి పోస్టింగ్ వచ్చినప్పుడు రెండేళ్లు చేసి బదిలీ పెట్టుకుందామనుకున్నాను. పెట్టుకోలేదు. ఇంకా ఇక్కడే ఎందుకున్నావని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేను కానీ, చెప్పాల్సి వస్తే ఒక పిల్ల సంగతి చెబుతాను. అసలు పేరు రాయడం పద్ధతి కాదు. భీమే అందాం. వయసు పన్నెండు. కోయ పిల్ల. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది.

హాస్టల్ వార్డెన్ ఆమెను పొద్దున్నే తీసుకొచ్చింది. పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను మందుల గది వైపు పిలిచింది.

"సిస్టర్, ఈ పిల్లకు రెండు నెలల సంది కడుపు పెరుగుతున్నది. నాలుగు రోజుల నుంచి వాంతులు. హాస్టల్ల పిల్లలు ఏదేదో అనుకుంటున్నరు. ఊళ్లె కూడ తెలిసిపోయింది. వాళ్లమ్మా నాయినా వస్తున్నరు."

నేను బెంచీ వైపు చూశాను. మోచేతుల దగ్గర ఎముకలు కనిపించేంత సన్నటి పిల్ల. యూనిఫాం చొక్కా కింది రెండు గుండీలు పట్టక వదిలేసి ఉన్నాయి. చున్నీ ఒకటి ఎవరో ఇచ్చినట్టున్నారు, దాన్ని పొట్ట మీదుగా చుట్టుకుని కూర్చుంది.

మా దగ్గర పద్ధతి ప్రకారం యూపీటీ చేశాను. అది గర్భం నిలిచినప్పుడు ఒంట్లో పుట్టే హార్మోను మూత్రంలో ఉందో లేదో చెప్పే చిన్న కార్డు. చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే ఒక గీత వస్తే లేదని, రెండు గీతలు వస్తే ఉందని అర్థం. రెండు గీతలు వచ్చాయి. నమ్మలేక ఇంకో కార్డు విప్పాను. దాని మీదా రెండే.

ఆ తర్వాత నేను చేసింది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పిల్లను లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాను.

"ఎవరమ్మా? భయపడకు. నాతోని చెప్పు."

"ఎవరంటే ఏంది సిస్టర్?"

ఇంకాస్త విడమరిచి అడిగాను. భీమేకు అర్థమైంది. తల దించుకుని చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ అంది.

"నన్నెవరూ ఏం చెయ్యలే. కడుపుల గట్టిగున్నది. పండుకుంటే ఒక దిక్కు జారుతది."

నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఇలాంటి పిల్లలను అంతకుముందు చూసి ఉన్నాను. మొదట అందరూ లేదనే అంటారు, భయపడి. తర్వాతి మాటలు నా చెవిన పడ్డాయి కానీ బుర్రలోకి వెళ్లలేదు. ఎంఎల్‌సి రిజిస్టర్ తీశాను. నేరం జరిగిందన్న అనుమానం ఉన్న కేసులు రాసి పోలీసులకు తెలియజేసే పుస్తకం అది. పన్నెండేళ్ల పిల్లకు రెండు గీతలు వస్తే రాయక తప్పదు, చట్టం అది. పేరు, వయసు, తండ్రి పేరు రాశాను. పోలీసులకు పంపాలంటే డాక్టర్ చూసి సంతకం చేయాలి.

అంతలో తల్లిదండ్రులు వచ్చారు. తల్లి పేరు ముత్తమ్మ. తెలుగు కొద్దిగా అర్థమవుతుంది, మాట్లాడలేదు. వచ్చీ రావడంతోనే కూతురి పక్కన నేల మీద కూర్చుని ఆమె పాదం ఒకటి ఒడిలోకి తీసుకుంది. తండ్రి కోసయ్య గుమ్మం బయటే నిలబడ్డాడు. హాస్టలుకు కూరగాయలు తెచ్చే ఆటో అతని పేరు ఎవరో ఆయన చెవిలో వేశారట. కోసయ్య చెప్పులు తొడుక్కుని గేటు వైపు బయలుదేరాడు. మా ఆయా రాజమ్మ కోయ భాషలో ఏదో గట్టిగా అని చేయి పట్టుకుని ఆపింది. రాజమ్మది ఆ పక్క ఊరే. మా డాక్టర్లకూ ఊళ్ల వాళ్లకూ మధ్య మాట మోసేది ఆవిడే.

గైనిక్ డాక్టర్ వసుంధర మేడం ఆపరేషన్ ముగించుకుని వచ్చింది. నేను కార్డులు రెండూ చూపించాను. ఆమె వాటిని చూసి పక్కన పెట్టి, పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, చేతులు రెండూ రుద్దుకుని వెచ్చగా చేసుకుంది.

"ఎక్కడ నొస్తోంది బిడ్డా?"

భీమే వేలు పెట్టి చూపించింది. మేడం అక్కడ చేయి వేసి నెమ్మదిగా ఒత్తి, అటు నుంచి ఇటు కదిలించి చూసింది. రెండోసారి కదిలించింది. నా వైపు తిరిగి, "నీ చెయ్యి ఇక్కడ పెట్టు" అంది. పెట్టాను. గట్టిగా, గడ్డలు గడ్డలుగా ఉన్నదేదో నా అరచేతి కింద నుంచి పక్కకు జారింది.

"గర్భసంచి ఇలా జారదు" అంది మేడం.

స్కానింగ్ డాక్టర్ వారానికి రెండు రోజులే వస్తాడు. అది ఆయన వచ్చే రోజు కాదు. కాన్పుల కోసం ఉన్న పాత మిషన్ మీద మేడమే చూసింది. తెరను నా వైపు తిప్పి వేలితో చూపించింది. "ఇదిగో గర్భసంచి. ఈ వయసు పిల్లకు ఎంత ఉండాలో అంతే ఉంది. లోపల ఏమీ లేదు." తర్వాత పొట్ట మీద ఆనించిన ప్రోబ్‌ను పైకి జరిపింది. తెర మీద కొబ్బరికాయంత ముద్ద కనిపించింది. "ఇది కుడివైపు అండాశయం నుంచి పెరిగింది. జెర్మ్ సెల్ ట్యూమర్ అయ్యుంటుంది."

ఆ పేరు నేను చదువుకునేటప్పుడు విన్నాను, అంతే. అండాశయంలో రేపటి అండాలుగా మారాల్సిన కణాలు దారి తప్పి గడ్డ కడతాయి. ఇదీ క్యాన్సరే, కానీ పెద్దవాళ్లకు వచ్చే అండాశయ క్యాన్సర్ వేరు, ఇది వేరు. పిల్లలకూ, వయసుకొస్తున్న ఆడపిల్లలకూ అరుదుగా వస్తుంది, వచ్చాక వారాల్లో పెరుగుతుంది. అలాంటి గడ్డలు కొన్ని అచ్చం గర్భంలో పుట్టే హార్మోనునే తయారు చేస్తాయి.

"కార్డు అబద్ధం చెప్పలేదు. మనమే తప్పుగా చదివాం" అంది మేడం. కార్డు చదివింది నేను. మనం అనడం ఆవిడ మంచితనం.

"మీరు ముందెప్పుడైనా చూశారా మేడం?"

"ఒక్కసారి. ఆ పిల్లను చాలా ఆలస్యంగా తెచ్చారు. ఊళ్లో పంచాయితీలు తేలేసరికి నెలలు గడిచాయి." జెల్ తుడవడానికి నేను దూది తీస్తే, తనే తీసుకుని తుడిచింది.

తల్లిదండ్రులను లోపలికి పిలిచాం. మేడం తెలుగులో చెబుతుంటే రాజమ్మ కోయలో చెప్పింది. గర్భం కాదు అన్న మాట దగ్గర ముత్తమ్మ భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా ఊపిరి బిగబట్టి ఉందని అప్పుడే తెలిసింది. కోసయ్య గోడకు ఆనుకుని, అలాగే జారి నేల మీద కూర్చుని తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. తర్వాత క్యాన్సర్ సంగతి చెప్పాల్సి వచ్చింది. రాజమ్మ ఒక్క క్షణం మాట కోసం వెతుక్కుని, లోపల పాడు గడ్డ ఉందని, తీయకపోతే పిల్లను తినేస్తుందని చెప్పిందట. ముత్తమ్మ ఒకే ఒక మాట అడిగింది.

"బతుకుతదా అంటున్నది" అంది రాజమ్మ.

"క్యాన్సర్లలో మందుకు బాగా లొంగే రకం ఇది. జల్దీ పోవాలి. అన్ని సూదులూ వేయించుకోవాలి, మధ్యలో ఆపకూడదు. అప్పుడు బతికే అవకాశమే ఎక్కువ" అంది మేడం. కచ్చితంగా బతుకుతుందని అనలేదు. ఆవిడ ఎప్పుడూ చేతిలో లేని మాట ఇవ్వదు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగేముందు భీమే మంచం దగ్గరికి వెళ్లాను. ముత్తమ్మ కూతురి జడ విప్పి దువ్వుతోంది.

"భీమే, పొద్దున నిన్ను తప్పుగా అడిగిన. నువ్వు చెప్పింది సరిగ్గ వినలే. నాది తప్పు బిడ్డా."

భీమే నా వైపు తల తిప్పింది. "మీరొక్కరే కాదు సిస్టర్. అందరూ అట్లనే అడిగిన్రు." తల్లి వైపు చూసి అంది. "అమ్మ ఒక్కతే అడగలే."

పిల్లను హైదరాబాద్ పంపాలి, వెంట నేను కూడా వెళ్తానని మేడంతో అప్పుడే చెప్పాను. ఆవిడ తన క్లాస్‌మేట్ పనిచేసే పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి ఫోన్ చేసి వారంలోపే రమ్మనిపించింది. వెళ్లేలోగా చేయాల్సిన పని ఒకటి మిగిలింది. మర్నాడు పొద్దున ప్రార్థన వేళకు హాస్టలుకు వెళ్లాను. వార్డెన్ ముందు ఒప్పుకోలేదు. పిల్లల ముందు ఇవన్నీ ఎందుకంది. వాళ్లు ఇప్పటికే మాట్లాడుకుంటున్నారు కదా, నిజం కూడా మాట్లాడుకోనీ అన్నాను. వరుసల్లో నిలబడ్డ ఆడపిల్లలకు, భీమే కడుపులో ఉన్నది గడ్డ అనీ, అది రోగమనీ, ఆమె ఏ తప్పూ చేయలేదనీ చెప్పాను. వెనక వరుసలో ఒక పిల్ల చేయి లేపింది.

"అది అంటుకుంటదా సిస్టర్?"

"అంటుకోదు."

"మరి వచ్చినంక మా పక్కన పండుకోవచ్చా?"

"పండుకోవచ్చు."

"అయితే ఆమె చాప తీసుకొస్త. గోదాంల ఏసిన్రు" అంది ఆ పిల్ల. వార్డెన్ నేల చూపులు చూసింది. తర్వాత తనే వెళ్లి ఆ చాప తెచ్చి, దులిపి, దాని జాగాలో పరిచింది. ఊళ్లో వాళ్ల కోసం మేడం ఇదే సంగతి తెలుగులో ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, ఆసుపత్రి ముద్ర వేసి కోసయ్యకు ఇచ్చింది. ఆయన చదవలేడు. పెద్దమనుషుల దగ్గర చదివించాడని తర్వాత తెలిసింది.

కొత్తగూడెంలో రైలెక్కాం. ముత్తమ్మ హైదరాబాద్ దాకా నా కొంగు వదల్లేదు. భీమే మాత్రం కిటికీ దగ్గర కూర్చుని స్టేషన్ బోర్డులన్నీ పైకి చదివింది. పెద్దాసుపత్రిలో ట్యూమర్ మార్కర్స్ చూశారు. గడ్డ ఉంటే రక్తంలో పెరిగే పదార్థాల లెక్క అది. మొదట ఎంతుందో, మందు పడ్డాక ఎంత తగ్గిందో చూసి దారి తెలుసుకుంటారు. సీటీ స్కాన్ అయ్యాక ఆపరేషన్. సర్జన్ చిన్నావిడ, నాకంటే చాలా చిన్న. గడ్డను చిట్లనివ్వకుండా కుడి అండాశయంతో సహా తీసింది. ఎడమ అండాశయాన్నీ, గర్భసంచినీ ముట్టుకోలేదు. పక్కన ఒక చోట చిన్న మరక లాంటిది ఉంటే తీసి పరీక్షకు పంపింది. అందులోనూ గడ్డ కణాలు ఉన్నాయి. నాలుగు విడతల కీమోథెరపీ కావాలన్నారు. మూడు వారాలకు ఒకసారి ఐదు రోజుల మందు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. మందు హైదరాబాద్‌లో ఎక్కిస్తారు. మధ్యలో పిల్ల ఉండేది వాగు అవతల, ఫోన్ సిగ్నల్ లేని ఊళ్లో. కీమో పడ్డ వారం పది రోజులకు తెల్లరక్తకణాలు అడుగంటుతాయి. అప్పుడు జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. ఆలస్యం చేయకుండా యాంటీబయాటిక్ రక్తంలోకి ఎక్కాలి. లేకపోతే క్యాన్సర్ నుంచి బయటపడుతున్న పిల్ల జ్వరంతో పోతుంది. మా ఊళ్ల వైపు జ్వరం వస్తే రెండు రోజులు చూద్దాం అంటారు. ఈ పిల్లకు ఆ రెండు రోజులు లేవు.

ముత్తమ్మకు అంకెలు రావు. గాజు థర్మామీటరు తీసుకుని, వంద దాటి కొంచెం పైన, డాక్టర్లు చెప్పిన చోట, నా గోళ్ల రంగుతో చుట్టూ ఎర్ర గీత గీశాను. పొద్దున, సాయంత్రం చంకలో పెట్టడం నేర్పాను. గోరువెచ్చని నీళ్లలో ముంచి పాదరసం గీత దాటడం ఆమె కళ్లతో చూసేదాకా వదల్లేదు. "గీత దాటితే ఎవ్వరినీ అడగొద్దు. బయలెల్లు" అని రాజమ్మ చేత చెప్పించాను. మేడం ఒక కాగితం రాసి నర్సుల టేబుల్ పైన గోడకు అంటించింది. 'భీమే వస్తే ఓపీ చీటీ అడగవద్దు. ముందు మందు, తర్వాత రాత.' ఏ మందు, ఎంత మోతాదు, అన్నీ కింద రాసి ఉన్నాయి. ఆ సీసాలు విడిగా ఒక డబ్బాలో పెట్టాం.

తొలి విడత తర్వాత పదకొండో రోజు. మూడు రోజులుగా ముసురు. వాగు నిండుగా పారుతోందని చెప్పుకుంటున్నారు. పొద్దున పది దాటాక గేటు దగ్గర కేకలు వినిపించి బయటికి వచ్చాను. ఆరుగురు మగవాళ్లు నులక మంచాన్ని బొంగులకు కట్టి భుజాల మీద మోసుకొస్తున్నారు. మంచం మీద ప్లాస్టిక్ పట్టా, దాని కింద భీమే. ముత్తమ్మ ముందు నడుస్తోంది. ఆమె పిడికిలి గట్టిగా మూసి ఉంది. నన్ను చూడగానే తెరిచింది. అందులో థర్మామీటరు. తెలుగులో ఒక్క మాట అంది.

"దాటింది."

వాగు దాటలేక గుట్ట మీదుగా చుట్టు తిరిగి, తెల్లారగానే బయలుదేరి నడిచి వచ్చారు. ముందు మోసిన పెద్దాయన, ఊళ్లో భీమే మీద పంచాయితీ పెడదామన్న వాళ్లలో ఒకరని రాజమ్మ తర్వాత చెప్పింది. ఆయన కాళ్లకు జలగలు పట్టి రక్తం కారుతోంది. ఎవరో ఉప్పు తెచ్చిస్తే, "ముందు పిల్లను చూడుండ్రి" అని పక్కకు జరిగాడు.

పిల్ల ఒళ్లు కాలిపోతోంది, నాడి అందీ అందకుండా ఉంది. రెండుసార్లు పొడిచినా నరం దొరకలేదు. మూడోసారి దొరికింది. వచ్చిన పావుగంటలో మందు ఎక్కడం మొదలైంది. సెలైన్ పెట్టాం. మేడం కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంది, ఓపీ అంతా ఆగింది, ఎవరూ సణగలేదు. మధ్యాహ్నానికి బీపీ నిలబడింది. మర్నాటికి జ్వరం దిగింది. మూడో రోజు భీమే చింతపండు అడిగింది. కీమోతో నోరంతా పూసింది, పులుపు పెట్టకూడదు. "బెల్లం ఇస్త" అంటే మొహం అటు తిప్పుకుంది. ఆ కోపం చూసి నాకు ధైర్యం వచ్చింది.

జుట్టు పూర్తిగా రాలింది. తెల్లకణాలు మళ్లీ పెరిగిన రోజుల్లో హాస్టల్లో ఉండేది, అక్కడికి వెళ్లినప్పుడు నా నల్ల స్కార్ఫ్ ఒకటి ఇచ్చాను. నెల తర్వాత వెళితే అది ఇంకో పిల్ల తల మీద ఉంది. భీమే బోడిగుండుతోనే తిరుగుతోంది. "చెమట పోస్తున్నది సిస్టర్" అంది. మిగతా మూడు విడతలు ఆపకుండా చేయించుకున్నారు. ఒకసారి రక్తం ఎక్కించాల్సి వచ్చింది, ఒకసారి కణాలు పెరగక మందు వారం వాయిదా పడింది. చివరి విడత అయ్యేసరికి డిసెంబరు. మార్కర్స్ మామూలుకు వచ్చాయి. ఆ ఫోన్ వచ్చినప్పుడు కాన్పు గదిలో ఉన్నాను. మేడం తలుపు దగ్గర నిలబడి తలూపింది, అంతే. కాన్పు అయ్యాక బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ నీళ్లు అలా వదిలేసి ఏడ్చాను.

2021 వేసవిలో ముత్తమ్మ, భీమే రక్త పరీక్షలకు వచ్చారు. ముత్తమ్మ రాజమ్మను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. రాజమ్మ నవ్వు ఆపుకుంటూ వచ్చింది. "మన పిల్ల పెద్దమనిషయిందట సిస్టర్." ఒక అండాశయమే మిగిలిన, అన్ని మందులు పడ్డ ఒంట్లో అది జరుగుతుందో లేదోనని నేనూ మేడమూ పైకి అనుకోకుండానే ఎదురుచూస్తున్నాం. మేడం తన బ్యాగులో ఉన్న చాక్లెట్లన్నీ తీసి బల్ల మీద పోసింది. భీమే సిగ్గుతో తల్లి వెనక్కి వెళ్లి, కాసేపటికి వచ్చి రెండు తీసుకుంది.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద వైద్యం కాదు. చట్టం ప్రకారం రాయాల్సినవి ఇప్పటికీ రాస్తాను. అలా రాయాల్సిన పిల్లలు నిజంగానే వస్తారు, వాళ్లకు ఆ పుస్తకం అవసరం. కానీ ముందుగా పిల్ల చెప్పింది పిల్ల మాటల్లోనే, చివరిదాకా వింటాను. కడుపు పెరిగిన ఆడపిల్ల వస్తే అందరూ అడిగేసిన ప్రశ్న నేను కూడా అడగక్కర్లేదు. ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఎలా ఉంది అని అడగాలి. పెద్ద మిషన్లు లేని చోట చెవులే సగం పరీక్ష. నేను ఇది నేర్చుకోవడానికి ఒక పిల్ల అవమానం పడాల్సి వచ్చింది, అది నా మీద ఉన్న భారం.

భీమే ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. ఏడాదికోసారి స్కానుకు వస్తుంది. మొన్న వచ్చినప్పుడు నేను ఇంకో మంచం దగ్గర ఉన్నాను. చేరి నెలైనా కాని కొత్త సిస్టర్ టేబుల్ దగ్గర పుస్తకం తెరుచుకుని, "ఏం కేసు?" అని అడిగింది. నేను వెళ్లి చెప్పబోయాను. భీమే చేత్తో వద్దని సైగ చేసి, "మొదటి నుంచి చెప్త, జర పెద్దగనే ఉంటది" అంది. కొత్త అమ్మాయి పెన్ను పక్కన పెట్టి, కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది.